అళగు నగర్ అసలు పేరు

మా మేడ మీది నుంచి డ్రోను పైకి లేచిన పొద్దున నేను గంజి పెట్టిన నూలు చీర కట్టుకొని, తలలో మూరెడు మల్లెపూలు పెట్టుకొని నిలబడ్డాను. అది నా ఫొటో తీయడానికే వచ్చినట్టు. బడిలో తమిళం చెప్పి చెప్పి రిటైరయిన మనిషికి ఈ సింగారం ఏమిటని మా అత్త అడగనే అడిగింది.

"పైనుంచి చూస్తే నీ నెత్తి గాక ఇంకేమి కనపడతాదే అమ్మిణీ?" అన్నది.

అత్త అంటే మా నాయనకు అక్క. తొంభైకి దగ్గరపడింది. పెళ్ళయిన మూడేళ్ళకే మొగుడు పోతే పుట్టింటికి వచ్చేసింది. నన్ను చంకనెత్తుకొని పెంచింది ఆమే. ఇప్పుడు ఆమెను కనిపెట్టుకొని ఉండేది నేను. నోట్లో ఒక్క పన్ను లేదు, నాలుక మాత్రం ఇప్పటికీ పదునే.

కోయంబత్తూరులో ఈమధ్య వాన పడటం లేదు, కుమ్మరిస్తోంది. అది వచ్చినప్పుడు ఏ వీధి ముందు మునుగుతుందో, మునిగితే జనాన్ని ఎక్కడికి చేర్చాలో ముందే తెలుసుకోవాలని పేట పేటకూ డ్రోన్లు ఎగరేసి పటాలు తీస్తున్నారు. సింగానల్లూరులో బస్సు దిగి లోపలికి నడిస్తే వచ్చే మా కాలనీకీ ఆ వరస వచ్చింది. మా వార్డు కమిటీలో నేనొక సభ్యురాలిని. నోరున్నదని పెట్టారు. వరద వస్తే జనం చేరుకోవలసిన చోటు ఒకటి కమిటీ తేల్చి ఆఫీసుకు రాసివ్వాలి. ఆ చోటు మా కాలనీ కల్యాణ మంటపమే అని బల్ల గుద్ది చెప్పినదాన్ని నేను. మా అన్న కట్టించిన మంటపం అది. పెద్ద హాలు, వంటిల్లు, జనరేటరు, వరసగా మరుగుదొడ్లు. ఇంకేం కావాలి? నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు.

మా కాలనీకి దిగువన, మూతపడిన మిల్లు వెనక, లైను ఇండ్లు ఉన్నాయి. ఒకే గోడకు ఆనించి వరసగా కట్టిన ఒంటిగది ఇండ్లు. వాన వస్తే ముందు మునిగేది అవేనని అందరికీ తెలుసు. అందుకని నేనే వెళ్ళి ఇల్లిల్లూ తిరిగి చెప్పాను. వాన ఎక్కువైతే ఏమీ ఆలోచించకండి, సామాను చూసుకోకండి, ఎత్తుగా ఉండే మా వైపు వచ్చేయండి, మంటపం తలుపులు తీసి ఉంటాయి అని. అక్కడ బస్టాండులో పూలమ్మే ఒకామె ఉంది. నేను రోజూ పూలు కొనేది ఆమె దగ్గరే. వాళ్ళత్త పక్షవాతంతో మంచాన ఉంది. పూలామె తమిళంలో ఒకే ఒక్క ప్రశ్న అడిగింది.

"మా అత్తను వీపు మీద వేసుకొని అంత దూరం వస్తాను టీచర్. అక్కడ తడి ఉండదు గదా?"

నేను నవ్వాను. "అళగు నగర్‌లో తడా?" అన్నాను. ఆ నవ్వు ఇప్పుడు తలుచుకుంటే నా చెంప మీద నేనే కొట్టుకోవాలనిపిస్తుంది.

డ్రోను బృందానికి పెద్ద ఒక ఇంజనీరమ్మ. ముప్పై ఐదేళ్ళుంటాయి, తిరునెల్వేలి వైపు మనిషి. డ్రోను ఎగిరేముందు నేల మీద అక్కడక్కడ సున్నంతో పెద్ద పెద్ద గుర్తులు గీసి, ఒక్కో గుర్తు ఎంత ఎత్తున ఉందో యంత్రంతో కొలిచి పెట్టుకున్నారు. ఆ గుర్తులు పైనుంచి ఫొటోలో కనపడితేనే లెక్క సరిపోతుందట. మా గేటు ముందు ఒకటి గీసి సాయంత్రం వెళ్ళిపోయారు. తెల్లవారి ఇంజనీరమ్మ వచ్చేసరికి గుర్తు లేదు. మా అత్త చిమ్మి, పేడనీళ్ళు చల్లి, దాని మీద చుక్కల ముగ్గు పెట్టేసింది.

"నా పాయింటు ఎక్కడ టీచర్?" అని ఇంజనీరమ్మ నెత్తి పట్టుకుంది. నాకు సిగ్గూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. అత్త మాత్రం తడబడలేదు. "ఎవురో గీత రానోళ్ళు వంకర్లు గీసి పెట్టినారు. నేను సరి చేసినా" అన్నది. ఇంజనీరమ్మ కూడా నవ్వేసి, ముగ్గు నడిమి చుక్కనే గుర్తుగా పెట్టుకొని మళ్ళీ కొలుచుకుంది. అత్త చేతులను కొంగుకు తుడుచుకుంటూ, "అలుగులో ఏమి గీసినా నిలవదులే" అని గొణిగింది.

"అలుగు కాదత్తా, అళగు. నాలిక మడిచి పలుకు" అన్నాను నేను, అలవాటు కొద్దీ.

ఇక్కడ కొంచెం ఆగి మా సంగతి చెప్పాలి. మేము కోయంబత్తూరు తెలుగువాళ్ళం. మావాళ్ళు ఈ వైపు ఎన్ని తరాల కిందట వచ్చారో మాకే తెలియదు. ఇంట్లో తెలుగు, బళ్ళో తమిళం, వర్క్‌షాపులో ఇంగ్లీషు ముక్కలు. ఈ తెలుగు లిపి నేను నలభై దాటాక పట్టుబట్టి నేర్చుకున్నాను, ఒత్తుల దగ్గర ఇప్పటికీ తడబడతాను. తమిళంలో నాలుక మడిచి అంగిట్లోకి లాగి పలికే ఒక 'ళ' ఉంది. మా పాతకాలపు ఆడవాళ్ళకు అది ఒక పట్టాన రాదు. నాకు చిన్నప్పుడే వచ్చేసింది. వచ్చిందన్న పొగరు కూడా దానితోపాటే వచ్చింది. పళ్ళూడిన మా అత్తతో ఆ అక్షరం పలికించడం మా ఇంట్లో నలభై ఏళ్ళుగా సాగిన ఆట. పిల్లల ముందు, చుట్టాల ముందు, పెళ్ళిళ్ళలో. అందరం నవ్వేవాళ్ళం. ఆమె కూడా నవ్వేది.

తమిళంలో అళగు అంటే అందం. కాలనీకి ఆ పేరు పెట్టింది నేనే. అప్పుడు నాకు పద్నాలుగేళ్ళు. ఈ చోటంతా మా తోట. పత్తి, జొన్న వేసేవాళ్ళం, ఒక పక్క కొబ్బరిచెట్లు. బావి అడుగంటాక నాయన సేద్యం మానేసి తుడియలూరులో పంపుల వర్క్‌షాపు పెట్టాడు, తోటను సైట్లుగా విడగొట్టాడు. బోర్డు రాసే మనిషి రంగు డబ్బాలు ముందు పెట్టుకొని కూర్చున్నాడు. నాయనకు చదువు తక్కువ. తమిళం కూడబలుక్కొని చదువుతాడు గానీ రాయలేడు. "మన తోట పేరే పెట్టేద్దాం. నువ్వే రాసియ్యి పాపా" అన్నాడు.

ఇంట్లో అందరూ ఆ తోటను ఒకే మాటతో పిలిచేవాళ్ళు. అలుగుకు పోయొస్తా అనేవాళ్ళు. అలుగులో కలుపుకు మనుషులు రాలేదు అనేవాళ్ళు. ఆ ఏడే నాకు బళ్ళో తమిళంలో మొదటి బహుమతి వచ్చింది. పాపం, మావాళ్ళకు నాలుక తిరగక అళగును అలుగు అంటున్నారని నేనే తీర్మానించుకున్నాను. ఎవరినీ అడగలేదు. కాగితం మీద గుండ్రటి అక్షరాలతో 'అళగు నగర్' అని రాసిచ్చాను. బోర్డు పూర్తయ్యాక నాయన దాని ముందు నిలబడి, ఒక్కో అక్షరం కూడబలుక్కొని చదివి, గట్టిగా నవ్వాడు. నా నెత్తి మీద చెయ్యి పెట్టి, "పాప రాసిందే ఉండనీ" అన్నాడు. ఆ నవ్వును నేను బడిలో వచ్చిన బహుమతికంటే జాగ్రత్తగా దాచుకున్నాను.

తెలుగునాట పుట్టి పెరిగినవాళ్ళు ఇది చదివి ఈపాటికి ముక్కున వేలేసుకొని ఉంటారు. కాస్త ఓపిక పట్టండి. నాకు తెలిసిన వరసలోనే చెప్తాను.

పది పన్నెండు రోజుల తరువాత ఇంజనీరమ్మ లాప్‌టాప్ తీసుకొని మా ఇంటికి వచ్చింది. ఇంకో రెండు రోజుల్లో, గురువారం, కమిటీ మీటింగు. జనం చేరవలసిన చోటు ఆ రోజు ఖాయమైపోతుంది. తరువాత గోడ మీద గుర్తు వేస్తారు, ఆ గుర్తు చూసి జనం వస్తారు. అంతకుముందు ఒకసారి నాకు పటం చూపించాలన్నది. అత్త నేల మీద చాప వేసుకొని సాంబారుకు చిన్న ఉల్లిపాయలు వలుస్తోంది.

ముందు అంతా ముచ్చటగానే ఉండింది. వందల ఫొటోలు కుట్టి ఒకటే బొమ్మ చేశారు. మా మేడ కనిపించింది, మేడ మీద నా వడియాల గుడ్డ కనిపించింది. గేటు ముందు అత్త పెట్టిన ముగ్గు చుక్కచుక్కా కనిపించింది. లాప్‌టాప్ కిందికి దించి చూపిస్తే అత్త ఉల్లిపాయ పట్టుకొనే వంగి చూసి, "ఒక చుక్క తప్పినా చూడు" అని బాధపడింది.

"ఇప్పుడు ఇళ్ళూ చెట్లూ తీసేస్తాను టీచర్. ఒట్టి నేల మాత్రం మిగులుతుంది" అని ఇంజనీరమ్మ ఒక మీట నొక్కింది.

మా కాలనీ మాయమైపోయింది. ఇల్లు లేదు, వీధి లేదు, మంటపం లేదు. రంగులు మాత్రం మిగిలాయి. గోధుమరంగు మిట్ట, నీలం పల్లం అని ఆమె చెప్పింది. మా కాలనీ వెనక ఒక చిన్న చెరువు ఉంది, మా ఇంట్లో కుళం అంటాం. ఆ కుళం కట్ట మూల నుంచి ఒక నీలం చార బయలుదేరి, కట్ట కిందనే బాగా వెడల్పయి, అక్కడి నుంచి మా పెద్దవీధి ఉండవలసిన చోటు గుండా లైను ఇండ్ల వైపు దిగిపోయింది. ఆ వెడల్పయిన చోట వేలు పెట్టి, "ఇది మంటపం" అన్నది.

"ఇది తప్పు" అన్నాను. "మీ యంత్రం ఏదో తప్పు చేసింది. నాకు బుద్ధి తెలిసినప్పటి నుంచి ఇక్కడ నీళ్ళు రాలేదు."

"మీకు బుద్ధి తెలిసినప్పటి నుంచి ఆ కుళం ఎప్పుడైనా నిండిందా టీచర్?"

నిండలేదు. కుళానికి నీళ్ళు తెచ్చే కాలువ ఎప్పుడో పూడిపోయింది. ఈ ఏడాదే పూడిక తీశారు. ఆ పని చేయించమని సంతకాలు సేకరించినదాన్నీ నేనే.

"ఈ ఏడు నిండుతుంది" అన్నది ఆమె. "నిండితే మిగులు నీళ్ళు కట్ట తెంచకుండా పొర్లిపోవడానికి ప్రతి కుళానికీ రాతితో కట్టిన ఒక దారి ఉంటుంది గదా, కలింగు అంటాం. ఈ కుళానికి అది నాకు దొరకలేదు. పాత కాగితాలలో లేదు. డ్రోను నేలను చూస్తుంది, నేల కింద పూడ్చింది చూడలేదు. ఒట్టి పల్లం చూసి మంటపం వద్దని నేను రాయలేను. ఎవరికైనా తెలుసేమో కనుక్కొని చెప్పగలరా?"

నేను వెంటనే అత్త వైపు తిరిగాను. ఈ చుట్టుపక్కల అంత వయసు మనిషి ఇంకెవరూ మిగల్లేదు.

"అత్తా, కుళం నిండితే మిగులు నీళ్ళు ఏ పక్క పోతా ఉండె?"

"యాడికి పోతాయి? అలుగులోనే."

"అళగు నగర్‌లోకా?"

అత్త ఉల్లిపాయ వలవడం ఆపింది. "నగరేందే? నగరు మీరు పెట్టుకొనింది. అలుగు దానికంటే ముందరిది. కుళం నిండితే నీళ్ళు పొర్లేదానికి కట్టిన రాతిగోడ గదా అలుగంటే! మా అమ్మ ఆడనే గుడ్డలు ఉతుకుతా ఉండె. దాని కింది నేల గనక మన తోటకు ఆ పేరు." తరువాత లాప్‌టాప్ మీద ఆ నీలం వెడల్పు దగ్గర ఉల్లి వాసన వేసే వేలు పెట్టి, "ఇదో, ఈడ. మీ అన్న పెండ్లిండ్లు చేయిస్తా ఉండాడే, సరీగా ఆడ" అన్నది.

నాకు మతి పోయింది. చెరువు మా నోట్లో కుళమైపోయింది, తూము మదగైపోయింది, నీళ్ళ మాటలన్నీ ఒక్కొక్కటే తమిళంలోకి వెళ్ళిపోయాయి. ఒక్కటి మాత్రం ఈ ముసలామె నోట్లో చెక్కుచెదరకుండా మిగిలింది. దాన్ని నేను తప్పు తప్పు అని నలభై ఏళ్ళు దిద్దాను.

"ఇన్నేండ్లు ఏంటికి చెప్పలేదత్తా?" అన్నాను.

"చెప్పకేమి? దినామూ చెప్తానే ఉండాను. నువ్వు దినామూ దిద్దుతానే ఉండావు."

ఆమె గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది. ఇంజనీరమ్మ "అవ్వ ఏమంటున్నారు టీచర్?" అని రెండుసార్లు అడిగింది. నేను చెప్పలేక చెప్పాను. నా కథంతా తమిళంలో, ఆ మడత అక్షరం వచ్చిన ప్రతిచోటా తడబడుతూ చెప్పాను. రాయి ఏదైనా మిగిలి ఉంటే ఆమె సాక్ష్యంగా ఫొటో తీసుకుంటానన్నది.

"వంటింటి ఎనక చెయ్యి కడిగే తావులో చూడండి" అన్నది అత్త.

ఇద్దరం మంటపానికి వెళ్ళాం. వంటింటి వెనక, పెళ్ళికొచ్చినవాళ్ళు అన్నం తిని చెయ్యి కడుక్కొనే చోట, అరిగిపోయిన పెద్ద పెద్ద చెక్కుడు రాళ్ళు వరసగా ఉన్నాయి. చదునుగా ఉన్నాయని మా అన్న వాటిని అలాగే వదిలేసి పైన కొళాయిలు పెట్టించాడు. ఆ వరస గోడ కిందికి దూరి హాలు వైపు పోతోంది. నా ఇద్దరు కూతుళ్ళ పెళ్ళిళ్ళకు, ఊళ్ళో సగం పెళ్ళిళ్ళకు నేను ఆ రాళ్ళ మీద నిలబడి చెయ్యి కడుక్కున్నాను. చంకలో పిల్లను పెట్టుకొని ఊరంతా వెతకడం అంటే ఇదే. ఇంజనీరమ్మ వంగి రాళ్ళను కొలుస్తుంటే నాకు ఉన్నట్టుండి ఒక సంగతి తట్టింది. లైను ఇండ్ల వాళ్ళను పైకి రమ్మన్నాను. నీళ్ళు దిగి వచ్చే దారి కూడా అదే. పిల్లలను ఎత్తుకొని, ముసలివాళ్ళను మోసుకొని, వాళ్ళు నీళ్ళకు ఎదురు నడిచి రావాలి. రమ్మని చెప్పింది నేను.

ఇంటికి వచ్చి అత్త పక్కన చాప మీద కూలబడ్డాను. ఇంకొక్క ప్రశ్న మిగిలింది. అడగకుండా ఉంటే బాగుండునని ఒక పక్క అనిపిస్తూనే ఉంది.

"నాయనకు తెలుసునా అత్తా?"

అత్త ఉల్లిపొట్టు ఏరి ఒక పక్కకు పెట్టింది. "తెలీకుండా ఎట్లుంటాది? చిన్నప్పుడు ఆ అలుగు మీదనుంచి దూకే కదా చెయ్యి విరగ్గొట్టుకొనె. నువ్వు బోర్డు రాసిన దినము ఇంటికొచ్చి నగినాడు. 'అక్కా, పాప అలుగును అళగు చేసేసింది. ఇట్లే ఉండనీ. కొనేటోళ్ళందరూ మన తెలుగోళ్ళే, అలుగని రాస్తే నీళ్ళ దారని తెలిసిపోతాది, ఎవురొస్తారు' అన్నాడు. నేను తప్పప్పా అన్నా. కుళం ఇంగ యాడ నిండతాది అక్కా అన్నాడు."

నాయన మంచివాడు. ఇప్పటికీ ఆ మాట వెనక్కి తీసుకోను. వర్క్‌షాపులో ఎవరికి జ్వరం వచ్చినా తన బండి మీద ఆసుపత్రికి తీసుకుపోయిన మనిషి. అలాంటి మనిషి నా తప్పును చూసి, అది తనకు పనికొస్తుందని దాన్ని అలాగే ఉంచేశాడు. నేను మెచ్చుకోలు అనుకొని దాచుకున్న నవ్వు అది. నాకు ఏడుపు రాలేదు. ఉల్లిపాయలు తీసుకొని వలవడం మొదలుపెట్టాను. కళ్ళు మండితే ఉల్లిపాయలే అనుకున్నాను.

మరునాడు పొద్దున మా అన్న తుడియలూరు నుంచి వచ్చాడు. ఎవరు చెప్పారో ఏమో, చెప్పులు విప్పకముందే మొదలుపెట్టాడు.

"ఏమే, అత్తకు వయసై ఏదో వాగుతాది. దాన్ని పట్టుకొని మీటింగులో పేచీ పెడతావంట?"

"అత్త చెప్పింది నిజమన్నా. రాళ్ళు చూసొచ్చినా. నీ కొళాయిల కింద ఉండాయి."

"ఉంటే ఉండనీ. ఇందరు ఇండ్లు కట్టుకొని ఉండారు. ఇప్పుడు అలుగు, గిలుగు అంటే వాళ్ళ గతేమి? నాయన పేరు వీధిలో ఏసేకి నీకు మనసెట్ల వచ్చె?"

"బోర్డు మీద ఉండేది నాయన పేరు కాదు. నా చేతిరాత."

"వాన వచ్చినప్పుడు చూసుకొందాం లే."

"వాన మనల్ని అడిగి వస్తాదా అన్నా?"

అన్న నా వైపు అలా చూడటం అంతకుముందు ఎప్పుడూ లేదు. కాఫీ తాగకుండానే వెళ్ళిపోయాడు. చిన్నప్పటి నుంచి మేమిద్దరం ఒక మాట మీద ఉండేవాళ్ళం. ఆ ఇరవై నాలుగు గంటలలో నాకు తెలిసిన మనుషులందరూ కొత్తవాళ్ళయిపోయారు, నాతో సహా.

గురువారం మీటింగు ఆ మంటపంలోనే. ఇంజనీరమ్మ పటం గోడ మీద చూపించింది. నీలం చార తమ ఇంటి మీదుగా పోయినవాళ్ళు గొణుక్కున్నారు. కానివాళ్ళు ఊరట పడ్డారు. "ఈ యంత్రాలకేం తెలుసు, కాలనీ పేరులోనే అందం ఉంది" అని ఎవరో వెనక నుంచి అన్నారు. అందరూ నవ్వారు. నేను లేచాను. ముందు వరసలో అన్న కూర్చొని ఉన్నాడు. అన్నను చూడకుండా చెప్పాలనుకున్నాను గానీ చూస్తూనే చెప్పాను.

"ఆ పేరు తప్పు. ఇది అందం కాదు, అలుగు. కలింగు అని అర్థం. మా ఇంటి మాట అది, నాకే అర్థం తెలియక తమిళం చేసి రాశాను. రాసింది నేను. చూసి ఊరుకున్నది మా నాయన. ఇప్పుడు తెలిసి కూడా నేను ఊరుకుంటే, లైను ఇండ్లవాళ్ళను పిలిచి మరీ నీళ్ళలో నిలబెట్టినట్టు."

ఎవరూ నవ్వలేదు. మాలో ఒక పెద్దాయన, తెలుగాయనే, "అలుగా?" అని మెల్లగా అన్నాడు. "మా అవ్వ కూడా అట్లనే అంటా ఉండె. నోరు తిరక్క అనుకొంటిమి." ఎన్ని ఇళ్ళల్లో ఎంతమంది ముసలివాళ్ళను దిద్ది ఉంటామో అప్పుడు తెలిసింది. అన్న లేచి బయటికి వెళ్ళిపోయాడు. మీటింగు అయ్యాక చూస్తే ఆయన చెప్పులు గుమ్మం దగ్గరే ఉన్నాయి, వేసుకోవడం కూడా మర్చిపోయాడు. చివరికి రైలు పట్టాలకు అవతల, మిట్ట మీద ఉన్న చిన్న బడిని జనం చేరే చోటుగా రాశారు. దానికి జనరేటరు లేదు, గదులు ఇరుకు. పటంలో మాత్రం గోధుమరంగులో ఉంది.

మీటింగు నుంచి నేరుగా బస్టాండుకు వెళ్ళాను. పూలామె మల్లెలు కడుతోంది. "మొన్న నేను చెప్పింది తప్పమ్మా" అన్నాను. "మా వైపు రావద్దు. మీ అత్తను తీసుకొని పట్టాల అవతల బడికి వెళ్ళు. వాన జోరు చూసి ఆగవద్దు, ముందే వెళ్ళు."

ఆమె చెయ్యి ఆగింది. "ఆ రోజే అడిగాను టీచర్, తడి ఉండదు గదా అని. మీరు నవ్వారు."

"అవును. నవ్వాను."

ఇంకేమైనా అంటుందని నిలబడ్డాను. ఆమె మళ్ళీ పూలు కట్టుకోవడం మొదలుపెట్టింది. ఆ రోజు పూలు అడగడానికి నాకు ధైర్యం చాలలేదు.

నిన్న ఇంజనీరమ్మ ఫోను చేసింది. మంటపం చోట పటం మీద పాత పేరు కూడా వేస్తారట, ముందు ముందు వచ్చేవాళ్ళకు తెలియాలని. దాన్ని తమిళ అక్షరాలలో ఎలా రాయాలో నన్నే రాసి పంపమన్నది. కాగితం, పెన్ను తీసుకొని అత్త ముందు కూర్చున్నాను. తమిళ ఐప్పసి నెలలో వచ్చే వానలు ఇంకా మొదలు కాలేదు గానీ పొద్దున్నుంచి మబ్బు పట్టి ఉంది.

"ఒకసారి చెప్పత్తా. ఈసారి సరిగ్గా రాయాల."

"అలుగు."

"అళుగు" అన్నాను. నాలుక దానంతటదే మడత పడింది.

అత్త చెయ్యి చాపి నా గడ్డం పట్టుకుంది. "మడవొద్దు అమ్మిణీ. తిన్నగా పెట్టు. అలుగు."

ఆమె బోసి నోటి వంక చూస్తూ, ఒకటో క్లాసు పిల్లలాగా, నాలుక తిన్నగా పెట్టి చెప్పాను.

"అలుగు."

"ఆఁ. ఇప్పుడు రాయి" అన్నది అత్త.